ఐరాస నమూనా సభల్లో మాట ఎక్కడ కుదురుతుంది?

చెన్నైలో ఏ కాలేజీ మన్ అనే ఐరాస నమూనా సభ పెట్టినా, అందులో మానవ హక్కుల మండలి ఒక కమిటీగా ఉందంటే, హాల్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ముందుగా శ్రీలంక ప్లకార్డు ఎవరి ముందుందో చూస్తారు. ఎజెండా శ్రీలంక కాకపోయినా చూస్తారు. వేరే ఊళ్ళలో అది 193 దేశాల్లో ఒకటి. ఇక్కడి సంగతి వేరు. 2013 మార్చిలో, శ్రీలంక మీద జెనీవాలోని మానవ హక్కుల మండలిలో జరగబోయే ఒక ఓటు కోసం ఈ నగరంలో కాలేజీ విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. అదే విషయం మీద ఆ నెల 19న డీఎంకే కేంద్ర ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. అలాంటి ఊళ్ళో, చుట్టూ తమిళ స్నేహితులున్న గదిలో, ఆ ప్లకార్డు నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఇంజినీరింగ్ చదవడానికి వచ్చిన తెలుగు అమ్మాయికి దక్కిందనుకుందాం. రెండు రోజుల పాటు ఆమె కొలంబో ప్రభుత్వం తరఫున మాట్లాడాలి. తన సొంత అభిప్రాయం ఏదైనా సరే, దాన్ని హాలు బయట వదిలి రావాలి.

మన్ అంటే మోడల్ యునైటెడ్ నేషన్స్, ఐక్యరాజ్య సమితి నమూనా సభ. పేరు నమోదు చేసుకుని, వేలల్లో ఉండే ఫీజు కట్టి, ఏ కమిటీ కావాలో ఏ దేశాలు కావాలో వరసగా రాసి పంపితే నిర్వాహకులు ఒక దేశం కేటాయిస్తారు. కొన్నాళ్ళకు బ్యాక్‌గ్రౌండ్ గైడ్ వస్తుంది. ఎజెండా ఏమిటి, ఇంతవరకు ఏం జరిగింది, తీర్మానం ఏ ప్రశ్నలకు జవాబు చెప్పాలి అన్నవి అందులో ఉంటాయి. ఇక సభ మొదలైతే ముందు హాజరు, తర్వాత జనరల్ స్పీకర్స్ లిస్టు ప్రకారం ఒక్కొక్కరికి నిమిషమో నిమిషన్నరో ప్రసంగం, మధ్యలో ఒక్కో చిన్న అంశం మీద మోడరేటెడ్ కాకస్, కుర్చీలు వదిలి గుంపులుగా చేరి మాట్లాడుకునే అన్‌మోడరేటెడ్ కాకస్, చివరికి ముసాయిదా తీర్మానం, సవరణలు, ఓటు. విద్యార్థుల నోట ఇవన్నీ జీఎస్‌ఎల్, మోడ్, అన్‌మోడ్, డీఆర్ అయిపోయాయి. సభ నడిపేవాళ్ళు ఈబీ, అంటే ఎగ్జిక్యూటివ్ బోర్డు.

ఈ పద్ధతి ఐరాస కంటే పాతది. 1920లలోనే అమెరికా కాలేజీల్లో నానాజాతి సమితి నమూనా సభలు జరిగేవి. హార్వర్డ్ జాతీయ నమూనా సభ 1955లో, స్కూలు పిల్లల కోసం పెట్టిన హేగ్ సభ 1968లో మొదలయ్యాయి. పుట్టిల్లు అమెరికా కాబట్టి నియమాలూ అక్కడివే వచ్చాయి. హెన్రీ రాబర్ట్ అనే అమెరికన్ సైనిక ఇంజినీరు 1876లో అచ్చువేసిన సభా నియమాల ఛాయలు ఈ సభల్లో ప్రతినిధులు పెట్టే మోషన్లలో (ప్రతిపాదనల్లో), లేపే పాయింట్లలో (అభ్యంతరాల్లో) కనిపిస్తాయి. అసలు ఐరాసలో మోడ్, అన్‌మోడ్ అంటూ ఏమీ లేవు. ఒక చిన్న ఉదాహరణ చూస్తే తేడా అర్థమవుతుంది. నమూనా సభలో హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ అండ్ వోటింగ్' అని చెప్పినవాళ్ళు తర్వాత తటస్థంగా ఉండకూడదు. అవునో కాదో తేల్చి చెప్పాల్సిందే. ఐరాస సర్వప్రతినిధి సభ నియమాల్లో అదే మాటకు అర్థం వేరు. అవుననో కాదనో ఓటేసినవాళ్ళని మాత్రమే అలా లెక్కపెడతారు, తటస్థంగా ఉన్నవాళ్ళు ఓటేయనట్టే. అది మెజారిటీ లెక్కకట్టే పద్ధతి. ఏ దేశాన్నీ ముందే కట్టిపడేసే ప్రమాణం అందులో లేదు.

మన దగ్గరికి వచ్చాక ఈ సభలకు మరికొన్ని అలవాట్లు అంటుకున్నాయి. ఎదుటి దేశాన్ని ప్రశ్న అడుగుతూ చీటీ రాసి, దాన్ని నేరుగా పంపకుండా ఈబీ చేతుల మీదుగా పంపడం ఒకటి. ప్రశ్న అవతలి దేశానికి, మార్కు మాత్రం ఈబీ పుస్తకంలో. ఎదుటివాళ్ళ ప్రసంగంలో అంకె తప్పిందని ఒక పాయింట్ ఆఫ్ ఆర్డర్, తర్కంలో లొసుగుందని ఇంకొకటి లేపడం మరో అలవాటు. రాయిటర్స్, ప్రభుత్వ వార్తా సంస్థలు, ఐరాస నివేదికలు తప్ప వేరే ఆధారం చెల్లదని చాలా గైడ్లలో ఒకే మూసలో రాసి ఉంటుంది. ఆధారం చూపించమనడం మంచిదే. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ అలవాటు పడితే జీవితాంతం పనికొస్తుంది. అయితే వీటన్నిటి బరువూ ఒకే వైపు మొగ్గడం వల్ల హాలు కోర్టులా మారుతోంది. దేశాల ప్రతినిధులు వకీళ్ళవుతున్నారు. వకీలు గెలిస్తే అవతలి పక్షం ఓడిపోతుంది. రాయబారి పని నెరవేరాలంటే మాత్రం అవతలి పక్షం కూడా ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. ఈ సభల్లో విద్యార్థికి దొరికే అసలు చదువు అక్కడే ఉంది.

రాయబారం ఎలా చెయ్యాలో తెలుగువాళ్ళకి ఒకరు నేర్పనక్కర్లేదు. ఊరి నాటకాల్లో తెల్లవార్లూ కూర్చుని ఆ ఘట్టం విన్న పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. అర్ధరాజ్యం అడగడానికి వెళ్ళినవాడు చివరికి అయిదూళ్ళిచ్చినా చాలన్నాడు. అడిగేది ఎంత, దిగిరాగల హద్దు ఎంత అన్న రెండూ ముందే తేల్చుకుని బయల్దేరాడన్నమాట. సభకు ముందు విద్యార్థులు రాసే పొజిషన్ పేపర్లో మొదటిది ఉంటుంది. రెండోది రాసుకునేవాళ్ళు చాలా తక్కువ. ఏది వదులుకోగలం, ఏది వదిలితే రాజధానిలో ప్రభుత్వం కూలిపోతుంది, దేన్ని ఇచ్చి దేన్ని తెచ్చుకోవచ్చు అన్న మూడు ప్రశ్నలకు ఒక పేజీ జవాబు దగ్గరుంటే అన్‌మోడ్‌లో ఆ విద్యార్థి చుట్టూ జనం చేరతారు. పట్టువిడుపులు తెలిసినవాళ్ళతోనే ఎవరైనా బేరానికి కూర్చుంటారు.

శ్రీలంక సంగతికే మళ్ళీ వద్దాం. 2012 మార్చిలో మానవ హక్కుల మండలి ముందుకు అమెరికా ఒక తీర్మానం తెచ్చింది. తమిళ పులులతో సాగిన యుద్ధంలో జరిగినవాటి మీద శ్రీలంక తానే వేసుకున్న కమిషన్ చేసిన సిఫార్సులను అమలు చేయమని, అందుకు ఐరాస మానవ హక్కుల కార్యాలయం సలహా, సాంకేతిక సాయం అందించాలని దాని సారాంశం. ఒక దేశాన్ని పేరుపెట్టి వేలెత్తి చూపే తీర్మానాలంటే ఢిల్లీకి మొదట్నుంచీ ఇష్టం లేదు. అటు తమిళనాడు పార్టీలన్నీ అవుననే ఓటేయాలని పట్టుబట్టాయి. అప్పుడు భారత ప్రతినిధులు జెనీవాలో పట్టుబట్టి చేర్పించిన మాట ఒకటుంది. ఆ సాయం 'శ్రీలంక ప్రభుత్వంతో సంప్రదించి, దాని సమ్మతితో' అందాలి. ఆ ఒక్క పదబంధంతో భారత్ అవునని ఓటేసింది. తీర్మానం 24 అనుకూలం, 15 వ్యతిరేకం, 8 తటస్థంతో నెగ్గింది. పాము చావకుండా కర్ర విరగకుండా చేశారని అప్పట్లో విమర్శలొచ్చాయి. అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట లేకపోతే ఆ ఓటు పడేది కాదు.

ఇక్కడ నమూనా సభల్లో దాదాపు ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. మానవ హక్కుల మండలిలో 47 దేశాలకే సభ్యత్వం. 2012లో శ్రీలంక అందులో లేదు. మాట్లాడే హక్కుంది, ఓటు లేదు. చెన్నై హాల్లో ఆ ప్లకార్డు పట్టుకున్న అమ్మాయికి చాలాసార్లు ఈబీ ఓటు కూడా ఇచ్చేస్తుంది, పాపం ఊరికే కూర్చోవాలి కదా అని. అలా ఇవ్వకుండా ఉంటేనే మేలు. ఓటు లేని దేశం ఏం చేస్తుంది? ఓటున్నవాళ్ళలో తన మాట వినగలిగేవాళ్ళెవరో వెతుక్కుంటుంది. తీర్మానాన్ని ఆపలేనని తెలిశాక దాని పదును తగ్గించగలిగినవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. 'సమ్మతితో' అన్న మాట కొలంబోకి ఎంత అవసరమో ఢిల్లీకీ అంతే అవసరమైంది. ఆ రెండు అవసరాలు ఎక్కడ కలుస్తాయో కనిపెట్టడం నేర్చుకుంటే ఆ అమ్మాయికి ఇక ఏ దేశం ప్లకార్డు ఇచ్చినా బెంగ ఉండదు.

భారత్ ప్లకార్డు వచ్చిన విద్యార్థికి ఇంకో చిక్కు. 2013లో శ్రీలంక మీద మళ్ళీ తీర్మానం వచ్చింది, భారత్ మళ్ళీ అవునంది. 2014లో తటస్థంగా ఉంది. 2021లోనూ అంతే. ఒకే పొరుగు దేశం, ఒకే సమస్య, మరి ఓటెందుకు మారింది? 2014 తీర్మానం బయటి దర్యాప్తు కావాలంది. సాంకేతిక సాయం వేరు, ఐరాస కార్యాలయం స్వయంగా దర్యాప్తుకు దిగడం వేరు. అది ఆ దేశ సార్వభౌమత్వంలో చొరబడటమని ఢిల్లీ వాదించింది. అంటే మారింది ముసాయిదాలోని పని. తటస్థం అనగానే గోడ మీద పిల్లి అనేస్తారు. ఉక్రెయిన్ మీద 2022 మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు అవునన్నాయి, 5 కాదన్నాయి, 35 తటస్థంగా ఉన్నాయి. ఆ 35లో భారత్ ఉంది, చైనా ఉంది, దక్షిణాఫ్రికా ఉంది. ఆ మూడింటి కారణాలు ఒకటి కావు. ఏ దేశం ఎటు ఓటేసిందన్న జాబితా బట్టీపడితే హాల్లో ఒక నిమిషం గడుస్తుంది. ఓటు తర్వాత ఆ దేశం ఇచ్చిన వివరణ చదివితే రెండు రోజులూ గడుస్తాయి.

ఒక్క మాట కోసం దేశాలు ఎంత పట్టుబడతాయో చూపించడానికి 2021 నవంబరు నాటి గ్లాస్గో వాతావరణ సదస్సు కంటే మంచి ఉదాహరణ దొరకదు. బొగ్గు విద్యుత్తును 'క్రమంగా తొలగించే' ప్రయత్నాలు అని ముసాయిదాలో ఉంది. ఆఖరి ఘడియల్లో భారత మంత్రి భూపేందర్ యాదవ్ 'క్రమంగా తగ్గించే' అని మార్చాలని ప్రతిపాదించారు. మారింది. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ క్షమాపణ చెబుతూ గొంతు పెగలక ఆగిపోయారు. తొలగించడానికి, తగ్గించడానికి మధ్య తేడాలో మన దేశపు థర్మల్ కేంద్రాలున్నాయి, ఎన్నూరులో రాత్రంతా వెలుగుతూ కనిపించేవి కూడా. 2015లో ప్యారిస్ ఒప్పందం చివరి క్షణాల్లోనూ ఇలాంటిదే జరిగింది. సంపన్న దేశాలు 'చేసి తీరాలి' అని అచ్చయిన చోట అమెరికా కోరడంతో 'చేయడం సముచితం' అనే అర్థమిచ్చే క్రియ వేసి, అచ్చుతప్పు దిద్దుబాటు కింద చదివేశారు. మొదటిదే ఉంటే ఒప్పందం అమెరికా సెనేట్ గడప తొక్కాల్సి వచ్చేది. అక్కడ అది దాటేది కాదు.

క్రియల సంగతి వచ్చింది కాబట్టి తెలుగు విద్యార్థులకు ఒక మాట. ఐరాస తీర్మానం ఎన్ని పేజీలున్నా వ్యాకరణం ప్రకారం అది ఒకే ఒక్క వాక్యం. కర్త మొదట్లో వస్తుంది, 'మానవ హక్కుల మండలి' అని. తర్వాత పీఠికలో 'గుర్తుచేసుకుంటూ', 'స్వాగతిస్తూ', 'ఆందోళన వ్యక్తం చేస్తూ' అంటూ ఒక్కో అంశం, మధ్యలో కామాలు. ఆ తర్వాత అంకెలు వేసి 'కోరుతోంది', 'ప్రోత్సహిస్తోంది', 'నిర్ణయిస్తోంది' అంటూ చేయాల్సిన పనులు, మధ్యలో సెమికోలన్లు. ఫుల్‌స్టాప్ ఆఖర్న ఒక్కటే. హైస్కూల్లో తెలుగు మాస్టారు శత్రర్థకం, అసమాపక క్రియ, సమాపక క్రియ అని చెబుతుంటే నిద్రపోయినవాళ్ళకి కూడా ఈ నిర్మాణం చెవికి కొత్తగా అనిపించదు, ఎందుకంటే మనం రోజూ మాట్లాడేదే ఇలా. మనవాళ్ళు ఇంగ్లీషులో డీఆర్ రాయడానికి జంకుతారు గానీ, ముందు తెలుగులో ఆ పొడుగాటి వాక్యం కట్టుకుని చూస్తే ఏ అంశం పీఠికలోకి వెళ్ళాలో ఏది పనుల్లోకి రావాలో దానంతటదే తేలిపోతుంది. 'తూ' తో ముగిసేది కారణం, 'ది' తో ముగిసేది పని.

ఆ పనుల్లో ఏది ఏ కమిటీ చేయగలదో తెలియకపోవడం ఇంకో పెద్ద లోపం. సర్వప్రతినిధి సభ మొదటి కమిటీ, అంటే విద్యార్థులు డైసెక్ అనేది, నిరాయుధీకరణ చూస్తుంది. దాని తీర్మానాలు సిఫార్సులు. అక్కడ కూర్చుని ఆంక్షలు విధించేస్తూ, శాంతి సేనలు పంపేస్తూ రాసిన డీఆర్‌లు కొల్లలు. ఆ అధికారం భద్రతా మండలిది. 15 దేశాల్లో 9 అవుననాలి, అయిదు శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కటీ కాదనకూడదు. అక్కడ 'నిర్ణయిస్తోంది' అన్న క్రియ ఐరాస చార్టర్ (మూల ఒప్పందం) 25వ అధికరణం వల్ల అన్ని దేశాలనూ కట్టడి చేస్తుంది. అదే క్రియ డైసెక్ కాగితంలో ఉంటే ఎవరినీ కదిలించదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు గైడుతో పాటు తమ కమిటీకి సంబంధించిన అధికరణాలు నాలుగైదు చదివి వెళ్తే సగం తప్పులు తప్పుతాయి.

ఇక అన్‌మోడ్. ఈబీ పదిహేను నిమిషాలో ఇరవై నిమిషాలో ఇస్తుంది. అప్పటిదాకా 'గౌరవనీయ ప్రతినిధి' అని పిలుచుకున్నవాళ్ళు ఒక్కసారిగా మామూలు మనుషులవుతారు. గోడ పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదాని మీద లాప్‌టాప్, చుట్టూ వంగి చూస్తున్న ఏడెనిమిది తలలు. ఇంగ్లీషు, తమిళం, తెలుగు కలిసి వినిపిస్తాయి. మొదటి సంవత్సరం కుర్రాడు నాలుగో సంవత్సరం అమ్మాయిని అడుగుతుంటాడు: "అక్కా, ఈ మూడో క్లాజులో 'డిమాండ్స్' తీసేసి 'ఎంకరేజెస్' అని పెడితే మీ బ్లాక్ సంతకం పెడుతుందా?" ఆవిడ వెంటనే జవాబివ్వదు. "దర్యాప్తు మాట ఉంచుతారా తీసేస్తారా, అది చెప్పు ముందు" అంటుంది. రెండు రోజుల సభలో నిజమైన దౌత్యానికి దగ్గరగా వచ్చే క్షణం ఇదే. సంతకం పెట్టడమంటే ఒప్పుకోవడం కాదని, ఆ ముసాయిదా చర్చకు రావాలని కోరడమేనని ఆ కుర్రాడికి అప్పటికి తెలియకపోవచ్చు, కానీ బేరం ఎలా మొదలుపెట్టాలో తెలిసింది.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థులు పోడియం దగ్గర వణికినా ఇక్కడ వణకరు. పైగా చెన్నైలో చదివే తెలుగు పిల్లలకు తమిళం కొద్దో గొప్పో వస్తుంది, తమిళ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. రెండు గుంపుల మధ్య కబురు మోయగలిగినవాళ్ళకు బేరంలో చాలా విలువ. కొన్ని హాళ్ళలో అన్‌మోడ్‌లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని ఈబీలు పట్టుబడతాయి. అది అనవసరం. అసలు ఐరాసకే ఆరు అధికార భాషలున్నాయి. వరండాల్లో ఎవరు ఏ భాషలో మాట్లాడుకున్నా అడిగేవాళ్ళు లేరు. కాగితం మీద తేలిన ముసాయిదా ఇంగ్లీషులో ఉంటే చాలు.

వరండా ఎంత పని చేస్తుందో 2017 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నిక చూపించింది. దానికి సర్వప్రతినిధి సభలో, భద్రతా మండలిలో రెండు చోట్లా మెజారిటీ కావాలి. సభలో భారత అభ్యర్థి దల్వీర్ భండారీకి మెజారిటీ, మండలిలో బ్రిటన్ అభ్యర్థి క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్‌కి మెజారిటీ. రౌండు తర్వాత రౌండు ఓటు జరిగినా ముడి వీడలేదు. అప్పట్లో ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధి హైదరాబాదుకు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్. సభలో బలం రౌండు రౌండుకీ భారత్ వైపు పెరుగుతూ పోవడంతో బ్రిటన్ తన అభ్యర్థిని విరమింపజేసింది. చివరి లెక్క: సభలో 183, మండలిలో మొత్తం 15. 1946లో ఆ న్యాయస్థానం ఏర్పడ్డాక బ్రిటన్ జడ్జి లేకపోవడం అదే మొదటిసారి. ఆ వరస రౌండ్ల మధ్య పోడియం మీద అద్భుతమైన ప్రసంగాలేమీ జరగలేదు. మాట కుదిరిందంతా ఫోన్లలో, భోజనాల దగ్గర, నడవాల్లో.

చెన్నైకి ఈ విషయంలో ఒక పాత చుట్టరికం ఉంది, అది చాలామంది విద్యార్థులకు తెలియదు. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో భారత్ తరఫున ఐరాస చార్టర్ మీద సంతకం పెట్టిన ఆర్కాట్ రామస్వామి మొదలియార్ 1887లో కర్నూలులో పుట్టారు, అక్కడే స్కూలు చదువు, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. 1946లో ఐరాస ఆర్థిక సామాజిక మండలికి (ఎకోసాక్) మొట్టమొదటి అధ్యక్షుడు ఆయనే. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాని రోజుల మాట ఇది. ఎకోసాక్ కమిటీ వచ్చిందని నిట్టూర్చే తెలుగు విద్యార్థి (భద్రతా మండలి దొరకలేదని నిట్టూర్పు మామూలే) ఆ మొదటి కుర్చీలో ఎవరు కూర్చున్నారో గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

ఓటు పడగానే సభ ముగుస్తుంది, చప్పట్లు, ఫొటోలు. నిజంలో అక్కణ్ణుంచే కష్టం మొదలవుతుంది. ఈ నగరం తాగే నీళ్ళే సాక్ష్యం. కృష్ణా జలాల్లోంచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఒక్కొక్కటీ 5 టీఎంసీలు, మొత్తం 15 టీఎంసీలు మద్రాసుకు ఇవ్వాలని 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నాయి. దారిలో నష్టాలు పోను సరిహద్దు దగ్గర ఇవ్వాల్సింది 12 టీఎంసీలు. కండలేరు నుంచి పూండికి కాలువలో నీళ్ళు మొదటిసారి వచ్చింది 1996లో. సంతకానికీ నీటికీ మధ్య 20 ఏళ్ళు. వచ్చాక కూడా కట్టలు తెగి, నీళ్ళు ఇంకిపోయి, సత్యసాయి ట్రస్టు కాలువకు లైనింగ్ చేయించాక గానీ ప్రవాహం గాడిన పడలేదు. ఒప్పుకున్నంతా ఏటా వస్తున్నదీ లేదు.

విద్యార్థుల డీఆర్‌లలో 'నిధి ఏర్పాటు చేయాలి' అన్న క్లాజు లేని కాగితం ఉండదు. ఆ నిధికి డబ్బెవరిస్తారు, ఎప్పటికి, ఎవరు లెక్క చూస్తారు, కట్ట తెగితే బాగుచేసేదెవరు అన్నవి ఉండవు. తెలుగుగంగ ఒప్పందంలో ఎవరి వాటా ఎంత, దారిలో ఎంత పోతుంది, ఎక్కడ కొలవాలి అన్నవి అంకెలతో ఉన్నాయి. అంత స్పష్టంగా రాసినదే ఇన్నేళ్ళు పట్టింది. దేశాల పేర్లు తీసేసి ఒక కమిటీని ఈ ఒప్పందం మీదే నడిపితే చెన్నై విద్యార్థులకు బొగ్గు కంటే, అణ్వాయుధాల కంటే ఎక్కువ పట్టుదల వస్తుంది. నాలుగు రాష్ట్రాల పిల్లలూ ఒకే హాస్టల్లో ఉంటారు కాబట్టి ప్లకార్డులు తారుమారు చేసి ఇవ్వడం కూడా తేలిక. కర్ణాటక అబ్బాయికి తమిళనాడు, కర్నూలు అమ్మాయికి మహారాష్ట్ర.

బహుమతుల దగ్గరికి వస్తే, బెస్ట్ డెలిగేట్ ఎవరన్నది ఎక్కువగా ఎవరు ఎన్నిసార్లు లేచి ఎంత గట్టిగా మాట్లాడారన్న దాన్ని బట్టి తేలుతోంది. ఇది మారాలి. ఈబీలో ఒకరు అన్‌మోడ్ జరిగినంతసేపూ గుంపుల మధ్య తిరిగి, ఏ క్లాజు ఎవరి మాటతో మారిందో రాసుకుంటే చాలు, మార్కుల లెక్క తలకిందులవుతుంది. చివరి ముసాయిదాలో ప్రతి క్లాజు పక్కన దాన్ని ఎవరు రాశారు, ఎవరి అభ్యంతరంతో ఏం మారింది అని చిన్న అక్షరాల్లో వేయించడం ఇంకా మంచిది. అసలు చర్చల్లో ఒప్పుదల కుదరని మాటల చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడతారు. బేరం నడిచేకొద్దీ బ్రాకెట్లు ఒక్కొక్కటే పోతాయి. మన హాళ్ళలో ముసాయిదా ఎప్పుడూ శుభ్రంగా, మచ్చ లేకుండా వస్తుంది. ఎక్కడ గొడవపడ్డారో కాగితం మీద ఆనవాలుండదు.

ఇంకొకటి కూడా చెయ్యొచ్చు, ఖర్చు లేని పని. ఓటు తర్వాత ప్రతి దేశానికీ తన ఓటెందుకో చెప్పుకోవడానికి అర నిమిషం ఇవ్వాలి. ముగింపు కార్యక్రమానికి ఆలస్యమవుతోందని దాదాపు ప్రతిచోటా దాన్ని ఎగరగొట్టేస్తారు. తటస్థంగా ఉన్న భారత్ కుర్రాడు అక్కడ నిలబడి ఏ మాట కోసం ఆగిపోయాడో చెప్పాలి. అవునన్న మలేషియా అమ్మాయి ఏ క్లాజు మింగుడుపడక కూడా ఓటేసిందో చెప్పాలి. ఓటు లేని శ్రీలంకకు కూడా, సంబంధిత దేశం హోదాలో, చివర్లో మైకు ఇవ్వాలి. రెండు రోజులుగా ఆ ప్లకార్డు వెనక కూర్చున్న తెలుగు అమ్మాయి అప్పుడు లేచి, ఈ తీర్మానాన్ని తన ప్రభుత్వం ఒప్పుకోవడం లేదని, అయితే మూడో క్లాజులో 'సమ్మతితో' అన్న మాట చేర్చినందుకు ఆ ముసాయిదా రాసినవాళ్ళకు కృతజ్ఞతలని చెబుతుంది. ఆ మాట చేర్చడానికి మధ్యాహ్నం నలభై నిమిషాలు వాదించిన తమిళ అబ్బాయి మూడో వరసలో కూర్చుని ఉంటాడు, ముందున్న ప్లకార్డు మీద భారత్ అని రాసి ఉంటుంది.